ఫిర్యాదు చేసిన మర్నాడు

జొన్నాడ గ్రామంలోని పాఠశాలల తల్లిదండ్రుల కమిటీలకు బహిరంగ లేఖ

టీచరు మీద పిల్లల ఫిర్యాదు నేరుగా ఫిర్యాదుగా రావడం అరుదు. ఎక్కువసార్లు అది కడుపునొప్పిగా వస్తుంది. పొద్దున్న ఎనిమిదింటికి క్యారేజీ సర్దడం అయిపోయి, హైవే పక్కన ఆటో హారన్ కొడుతూ ఉంటే, రెండో సాక్సు కనబడలేదంటూ పిల్లవాడు మంచం కింద దూరి వెతుకుతూ ఉంటాడు. సాక్సు పిడికిట్లోనే ఉంటుంది. ఆదివారం సాయంత్రం నుంచే ముఖం వాడిపోతుంది. సెలవని తెలిసిన క్షణంలో నొప్పి మాయమవుతుంది. వారంలో ఒక్క మంగళవారమే ఒళ్ళు వెచ్చబడుతుంటే ఆ రోజు టైంటేబుల్లో ఏ పీరియడు ఉందో చూడాలి. ఒకే సబ్జెక్టు నోటుపుస్తకం పదేపదే పోతోందంటే అది పోవడం లేదనీ, ఎవరో కావాలనే పోగొడుతున్నారనీ అర్థం. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు అరుగు మీద బొమ్మల్ని వరసగా కూర్చోబెట్టి బడి ఆట ఆడతారు. ఆ బొమ్మల్ని ఏ మాటలతో తిడుతున్నారో, ఏ చేత్తో కొడుతున్నారో పక్కన కూర్చుని కూర ఒలుచుకుంటూ వింటే చాలు, తరగతి గది కళ్ళకు కడుతుంది.

కడుపునొప్పి ప్రతిసారీ టీచరు వల్లే వస్తుందని కాదు. వెనక బెంచీ కుర్రాళ్ళ ఏడిపింపు, పరీక్ష బెంగ, నీళ్ళు రాని మరుగుదొడ్డి, రాత్రి ఇంట్లో జరిగిన గొడవ, వీటిలో ఏదైనా అదే నొప్పిగా పైకి తేలవచ్చు. అందుకే మొదటి పని తీర్పు చెప్పడం కాదు, తెలుసుకోవడం. ఆ తెలుసుకునే పద్ధతి ఊళ్ళో సరిగా లేదన్నదే ఈ లేఖకు కారణం.

జొన్నాడలో ఇళ్ళ తీరు దీనికి కొంత కారణం. గౌతమి వంతెన అవతల రావులపాలెం అరటి మార్కెట్టు, ఇవతల కడియపులంక దారిలో నర్సరీలు, ఏటి వారన ఇసుక ర్యాంపులు, ఇటుక బట్టీలు. వాటిలో పనికి వెళ్ళేవాళ్ళు పిల్లలు నిద్ర లేవకముందే ఇల్లు వదులుతారు. కోనసీమ నుంచి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళిన తల్లులు చాలామంది. వాళ్ళ పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతారు. అటువంటి ఇంట్లో ఫిర్యాదు ముందుగా సముద్రం దాటుతుంది. రాత్రి వీడియోకాల్లో పిల్ల చెబుతుంది, "అమ్మా, మేడం నన్ను నిలబెట్టారు" అని. ఏమీ చేయలేని దూరంలో ఉన్న తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. తల్లిని ఏడిపించానన్న బాధతో పిల్ల మరోసారి నోరు మెదపదు. లేదంటే ఆ మాట కువైట్ నుంచి పిన్నికి, పిన్ని నుంచి బాబాయికి, బాబాయి నుంచి అతని స్నేహితుడికి చేరి, మర్నాడు ఇద్దరు మనుషులై మోటారు సైకిలు మీద బడి గేటు ముందు దిగుతుంది. బయలుదేరినప్పుడు నిలబెట్టడం, గేటు దగ్గరకు వచ్చేసరికి చెవి తెగ్గొట్టడం. అమ్మమ్మకు మాత్రం అప్పటికీ ఏమీ తెలియదు. పిల్లతో రోజంతా ఉండే మనిషి ఆవిడే.

ఫిర్యాదు విన్న పెద్దవాళ్ళ నోటివెంట వెంటనే వచ్చే మాటలు రెండు. మొదటిది, "నువ్వేం చేశావు?" ఊరికే ఎందుకు కొడతారు, నువ్వు ఏదో చేసే ఉంటావు అన్నది దీని భావం. పంతులు చేతిలో బెత్తం ఉంటేనే చదువు అబ్బుతుందని నమ్మిన తరాలు పోయి ఎంతో కాలం కాలేదు. కుర్రాణ్ణి బళ్ళో వేస్తూ "కళ్ళు తప్ప ఎక్కడైనా కొట్టండి మాస్టారూ" అని అప్పజెప్పిన తాతలు ఇప్పటికీ అరుగుల మీద కనిపిస్తారు. ఆ మాట అన్నందుకు వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. తమ పిల్లలకు చదువు రావాలన్న ఆరాటం వాళ్ళకు అలా మాత్రమే చెప్పడం తెలుసు. రెండో మాట దీనికి పూర్తిగా తలకిందులు: "ఎవరా టీచరు? పద, ఇప్పుడే తేలుద్దాం." ఇందులో పిల్ల మీద ప్రేమ ఉంది, నమ్మకమూ ఉంది. కానీ రెండు మాటల ఫలితం ఒక్కటే. మొదటిది విన్న పిల్లవాడు చెప్పి ప్రయోజనం లేదనుకుంటాడు. రెండోది విన్న పిల్లవాడు చెబితే ప్రమాదం అనుకుంటాడు. ఎందుకంటే కోపగించిన పెద్దమనిషి గేటు దగ్గర కేకలు వేసి సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోతాడు. మర్నాడు అదే బెంచీ మీద, అదే టీచరు ఎదురుగా కూర్చోవలసింది పిల్లవాడు. పెద్దలు మరిచిపోయేదీ, పిల్లలు ముందుగా ఆలోచించేదీ ఆ మర్నాడే.

వినడానికి ఒక పద్ధతి ఉంది, కష్టమైనదేమీ కాదు. ఎదురుగా కూర్చోబెట్టి విచారణ చేయడం కంటే పక్కపక్కన ఏదో పని చేసుకుంటూ అడిగితే పిల్లలు తేలిగ్గా చెబుతారు. "ఏం జరిగింది?" అని మొదలుపెట్టి, దానికి ముందు ఏమైంది, ఎక్కడ, అప్పుడు ఎవరెవరు ఉన్నారు, తర్వాత ఏమైంది అని అడగవచ్చు. "మాస్టారు కొట్టారా?" అని జవాబు అందించే ప్రశ్న వేయకూడదు. అవుననడమో కాదనడమో తప్ప పిల్లకు ఇక దారి ఉండదు. ఇంట్లో వాళ్ళకు ఏ జవాబు కావాలో పసిగట్టి పిల్లలు దాన్నే ఇస్తారు. ఒకసారి విన్నాక మళ్ళీ మళ్ళీ చెప్పించడం ఇంకా పెద్ద పొరపాటు. పక్కింటి అత్తయ్య వచ్చినప్పుడల్లా "ఏదీ, అత్తయ్యకు చెప్పు" అంటే నాలుగో రోజుకు అది జరిగిన సంగతి కాకుండా చెప్పి చెప్పి నలిగిన కథ అవుతుంది. తర్వాత నిజం తేల్చవలసినవాళ్ళకు ఆ కథలోంచి మొదటి రోజు మాటను విడదీయడం కష్టం. మొదటి రోజే, పిల్ల వాడిన మాటల్లోనే, తేదీ వేసి ఒక కాగితం మీద రాసుకోవడం అన్నిటికంటే మేలు. అమ్మమ్మకు రాయడం రాకపోతే పై తరగతి చదివే పిల్ల రాసిపెట్టవచ్చు.

పిల్లల మాట వినడం అన్నప్పుడల్లా మన ఉపాధ్యాయులు తలుచుకునే పుస్తకం 'రైలుబడి'. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి చిన్ననాటి బడి జ్ఞాపకం అది. 'తొత్తోచాన్' పేరుతో 1981లో వెలువడింది. మొదటి బడి వెళ్ళగొట్టిన ఆ చిన్నపిల్ల చెప్పే కబుర్లను కొత్త బడి హెడ్మాస్టరు కొబయాషి మొదటి రోజున నాలుగు గంటలసేపు విన్నాడు. నాలుగు గంటల తీరిక జొన్నాడలో ఏ ఇంట్లోనూ ఉండదు. పదిహేను నిమిషాలు, అదీ ఫోను పక్కన పెట్టి, చాలు.

వినకపోతే ఏమవుతుందో చెప్పడానికి దూరం వెళ్ళనక్కర్లేదు. 2025 సెప్టెంబరులో చిత్తూరు జిల్లా పుంగనూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో ఆరో తరగతి బాలిక తలకు టీచరు విసిరిన పుస్తకాల సంచి తగిలిందనీ, సంచిలో స్టీలు టిఫిను డబ్బా ఉందనీ పత్రికల్లో వచ్చింది. ఆ పిల్ల తల్లి అదే బడిలో పనిచేస్తుంది. మొదట ఆమె దాన్ని తీవ్రంగా తీసుకోలేదు. తలనొప్పి తగ్గక ఆసుపత్రికి తీసుకెళితే పుర్రె ఎముక చిట్లిందని స్కానింగులో బయటపడింది. ఒకే ఆవరణలో ఉండి కూడా దెబ్బ తీవ్రత తల్లికి వెంటనే తెలియలేదు. పిల్లలు నొప్పిని చిన్నది చేసి చెబుతారు, అవమానాన్ని అసలు చెప్పరు.

విన్న తర్వాత, ఇది ఏ రకం ఫిర్యాదో తేల్చుకోవాలి. కఠినంగా ఉండే టీచరు వేరు, క్రూరంగా ఉండే టీచరు వేరు. హోంవర్కు చేయకపోతే మళ్ళీ చేయించడం, అల్లరి చేస్తే చోటు మార్చి కూర్చోబెట్టడం, తప్పు చేసిన లెక్కను బోర్డు మీద సరిచేయించడం పిల్లలకు నచ్చకపోవచ్చు. వాటి మీద ఫిర్యాదు వస్తే ఇంట్లోనే సర్దిచెప్పాలి. తేడా తెలుసుకునే చిట్కా ఒకటుంది: టీచరు అన్న మాట పని మీద పడిందా, మనిషి మీద పడిందా? "ఈ లెక్క తప్పు, మళ్ళీ చెయ్యి" అన్నది పని మీద. "సుద్దమొద్దువి, గేదెలు కాసుకో పో" అన్నది మనిషి మీద. "మీ నాన్న బట్టీలో ఇటుకలు మోస్తాడు, నీకూ అదే రాసిపెట్టి ఉంది" అన్నది పిల్ల మీద పడి, ఇంటిల్లిపాది మీదకూ పోతుంది. తండ్రి చేసే పనిని ఎత్తిచూపి పిల్లను చిన్నబుచ్చడం చెంపదెబ్బ కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. చెంపదెబ్బ గురించి పిల్ల ఇంట్లో చెబుతుంది. ఇది చెబితే నాన్న బాధపడతాడని చెప్పదు.

చట్టం కూడా దెబ్బనూ అవమానాన్నీ కలిపే చూస్తుంది. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షనూ, మానసిక వేధింపునూ ఒకే వాక్యంలో నిషేధించింది. ఉల్లంఘించిన వారిపై సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య తీసుకోవాలంది. అదే చట్టం 29వ సెక్షను, పిల్లలను భయం నుంచీ ఆందోళన నుంచీ విముక్తం చేసి, తమ అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పుకోనివ్వడం చదువులో భాగమంది. ఇవి వట్టి ఆదర్శాలనుకునేవారికి జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు వివరంగా జవాబిస్తాయి. గోడకుర్చీ వేయించడం, తల మీద పుస్తకాల సంచి పెట్టి నిలబెట్టడం, మోకాళ్ళ మీద నిలబెట్టడం, కాళ్ళ కిందుగా చేతులు పోనిచ్చి చెవులు పట్టించడం, గదిలో ఒంటరిగా బంధించడం శారీరక శిక్షలు. వెటకారం, మారుపేర్లు పెట్టి పిలవడం, కులాన్నో తల్లిదండ్రుల వృత్తినో ఆరోగ్యాన్నో ఎత్తిచూపి నవ్వడం మానసిక వేధింపు. మన రాష్ట్రంలో దీనికి అంతకు ముందే పునాది పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరి 18న 16వ నంబరు జీవోతో 1966 నాటి విద్యా నియమావళిలోని 122వ నియమాన్ని సవరించి బడిలో దెబ్బలను నిషేధించింది. ఈ జీవో వచ్చిన నాడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలకు ఇప్పుడు పిల్లలు ఉన్నారు. వీధి బడుల కాలపు కోదండం, తొడపాశం పోయాయి. బెత్తం చాలాచోట్ల బీరువా మీదకు ఎక్కింది. గోడకుర్చీ, గుంజీలు మాత్రం అవి శిక్షలే కావన్నట్టు మిగిలిపోయాయి.

గుంజీల సంగతి కాస్త ఆగి చూడదగ్గది. 2024 సెప్టెంబరులో ఎగువ గోదావరి వైపు రంపచోడవరంలోని ఒక గురుకుల జూనియర్ కళాశాలలో యాభై మంది దాకా బాలికలతో వందల సంఖ్యలో గుంజీలు తీయించారు. కాళ్ళు వాచి నడవలేని స్థితిలో వాళ్ళను ఆసుపత్రిలో చేర్చారు. ఆర్నెల్లు తిరిగాక, 2025 మార్చిలో, విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ప్రార్థన సమయంలో పిల్లల ముందు సాష్టాంగపడి, తానే గుంజీలు తీశారు. పిల్లలు చదువులో వెనకబడుతున్నారనీ, వాళ్ళను దండించే వీలు టీచర్లకు లేదనీ ఆయన ఆవేదన. ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ మెచ్చుకున్నారు. రెండు సంఘటనలనూ పక్కపక్కన పెడితే ఒక విషయం తెలుస్తుంది. మొదటిచోట శిక్ష చేతిలో ఉంది, హద్దు లేదు. రెండోచోట శిక్ష చేతిలో లేదు, దాని స్థానంలో ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. పిల్లల ముందు టీచరు వంగడం గొప్ప వినయమే కావచ్చు. కానీ తమ చదువు రాకపోవడం పెద్దాయన ఒంటి మీద శిక్షగా పడిందన్న భారం పిల్లలకు మిగులుతుంది. ఇది కూడా ఆలోచించవలసిందే. కొట్టడం మానమన్న ప్రభుత్వాలు, నలభై మంది అల్లరిని కొట్టకుండా ఎలా అదుపు చేయాలో చూపించడంలో అంత శ్రద్ధ పెట్టలేదు.

టీచరు వైపు నుంచి చూడకుండా ఫిర్యాదును తేల్చడం కుదరదు. ప్రాథమిక పాఠశాలలో ఒక్కరే రెండు మూడు తరగతులు నడిపే రోజులుంటాయి. హాజరు యాప్‌లో, భోజనం వివరాలు యాప్‌లో, కొన్నేళ్ళపాటు మరుగుదొడ్ల ఫొటోలు కూడా యాప్‌లో, అన్నీ టీచర్లే ఎక్కించారు. పిల్లవాడు ప్రశ్న అడిగిన సమయానికే సర్వరు మొరాయిస్తే విసుగు ఎవరి మీద పడుతుందో ఊహించవచ్చు. దీనితో తప్పు ఒప్పయిపోదు. తప్పు ఎక్కడ పుట్టిందో మాత్రం తెలుస్తుంది.

ఇంకొక చిక్కు భాషది. 2020 తర్వాత ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మీడియం విస్తరించింది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్ల, ప్రశ్న అర్థంకాక మౌనంగా నిలబడుతుంది. ఆ మౌనం టీచరుకు మొండితనంలా కనబడుతుంది. టీచరు గొంతు పెంచుతుంది. పిల్ల ఇంకా బిగుసుకుపోతుంది. ఇంటికి వచ్చి "మేడం నా మీద అరుస్తారు" అంటుంది. నిజానికి ఆ ఫిర్యాదు సగం మేడం మీద, సగం అర్థంకాని పాఠం మీద. అటువంటి పిల్లకు టీచరు మారినా కడుపునొప్పి పోదు. కుదురుగా కూర్చోలేని పిల్లలు, చూపు సరిగా ఆనక బోర్డు మీది అక్షరాలు తప్పు రాసే పిల్లలు కూడా ఇలాగే చీవాట్లు తింటారు. కళ్ళజోడుతో తీరిపోయే ఫిర్యాదులు కొన్ని ఉంటాయి.

టీచరుతో మొదటి మాట ఎక్కడ, ఎలా జరిగిందన్నదాన్ని బట్టే చాలా ఫిర్యాదులు తీరడమో ముదరడమో ఉంటుంది. గంట కొట్టే వేళ గేటు దగ్గర కాదు. సంతలోనో బస్టాపులోనో ఎదురుపడినప్పుడు కాదు. తరగతి వాట్సాప్ గ్రూపులో అసలే కాదు. అక్కడ పెట్టిన మాటను యాభై ఇళ్ళు చదువుతాయి, టీచరుకు పరువు కాపాడుకోవడం తప్ప దారి మిగలదు. ముందు రోజు కబురు పెట్టి, బడి వదిలాక పది నిమిషాలు కూర్చోవడం పద్ధతి. వెళ్ళేది అమ్మమ్మ అయినా సరే, పిల్లను రోజూ చూసే మనిషి వెళ్ళాలి. వార్డు సభ్యుడినో పార్టీ మనిషినో వెంటబెట్టుకుని వెళితే అది సంభాషణ కాదు, బలప్రదర్శన. "మావాడు ఇలా అంటన్నాడండి మాస్టారూ. అసలేం జరిగిందో మీరు చెబితే తెలుసుకుందామని వచ్చానండి" అన్న మాటతో మొదలుపెడితే ఏ టీచరైనా కూర్చోమంటారు. పిల్లవాడి తప్పు ఉంటే అదీ అక్కడే బయటపడుతుంది; అది వినడానికి సిద్ధపడే వెళ్ళాలి.

ఒక్క పని మాత్రం ఎవరూ చేయకూడదు. స్టాఫ్ రూమ్ మధ్యలోకి పిల్లవాణ్ణి పిలిపించి, నలుగురు టీచర్ల ఎదుట, "ఏరా, నేను నిన్ను కొట్టానా? చెప్పు, భయపడకు" అని అడగడం చాలా బడుల్లో విచారణగా చలామణీ అవుతోంది. పిల్లవాడు చొక్కా అంచు నలుపుతూ నేల చూస్తాడు. "లేదు సార్" అంటాడు. "చూశారా అండీ" అంటారు. ఇంటికి వచ్చేదాకా తల్లి చేయి అతను పట్టుకోడు. ఆ రోజుతో అతను ఇంట్లోనూ అబద్ధాలకోరు, బడిలోనూ అబద్ధాలకోరు. కమిటీ ఈ ఒక్క అలవాటును ఆపగలిగినా ఏడాది పని చేసినట్టే.

రాష్ట్రమంతటా 2024 డిసెంబరు 7న, తిరిగి 2025 జూలై 10న మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. ముగ్గులు, ఆటల పోటీలు, పిల్లలతో కలిసి భోజనాలు. బడి మెట్లు ఎక్కడానికి జంకే తల్లిదండ్రులకు అవి మంచి ప్రవేశం. అయితే ఫిర్యాదు చెప్పుకోవడానికి అంత జనం మధ్య వీలుండదు. టీచరు ముఖం అక్కడ పరిచయమైతే, కబురు పెట్టడం తర్వాత తేలికవుతుంది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై పిల్లల హాజరు, చదువు గురించి చెప్పడం విద్యాహక్కు చట్టం 24వ సెక్షను ప్రకారం టీచరు విధి కూడా. అదే సెక్షను, టీచరు మీద చర్య తీసుకునే ముందు ఆయన వాదన వినాలనీ చెబుతుంది.

మాట్లాడాక రెండు వారాలు చూడాలి. మార్పు లేకపోతే ప్రధానోపాధ్యాయుడికి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోవాలి. ప్రభుత్వ బడిలో తర్వాతి మెట్టు ఈ లేఖ అందుకునే కమిటీయే. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలి. కమిటీ అంటే మధ్యాహ్న భోజనం రుచి చూడటం, గోడలకు రంగులు వేయించడం అన్న అభిప్రాయం పాతుకుపోయింది. పిల్లల ఫిర్యాదు వినడం కూడా దాని పనే. అక్కడా తేలకపోతే ఆలమూరులో మండల విద్యాశాఖాధికారి ఉన్నారు. జిల్లా విద్యాశాఖాధికారి కోసం 2022 ఏప్రిల్ 4కు ముందు కాకినాడ పోవలసి వచ్చేది. కోనసీమ జిల్లా ఏర్పడ్డాక వంతెన దాటి, రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం వెళితే సరిపోతుంది. సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వవచ్చు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షను కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వక ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి. తృప్తి లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు ఉంది.

ప్రైవేటు బడుల సంగతి వేరు. దెబ్బలూ వేధింపూ వాటిలోనూ నిషేధమే. కానీ ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడికి చట్టం ఈ కమిటీని విధించలేదు. అందువల్ల అక్కడి తల్లిదండ్రులకు కరస్పాండెంటు గదికీ మండల కార్యాలయానికీ మధ్య ఇంకో మెట్టు లేదు. ఫీజు బాకీ ఉన్న తండ్రి నోరు విప్పడానికి వెనకాడతాడు.

ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోకూడని ఫిర్యాదులు కొన్ని ఉన్నాయి. గాయమైతే ముందు ఆసుపత్రి, తర్వాతే మాటలు. తన సంరక్షణలో ఉన్న పిల్లల మీద క్రూరత్వం చూపితే బాలల న్యాయ చట్టం (2015) 75వ సెక్షను కింద శిక్ష ఉంది. నేరం చేసింది పిల్లల బాధ్యత తీసుకున్న సంస్థ ఉద్యోగి అయితే అది ఐదేళ్ళ దాకా కఠిన కారాగారం, ఐదు లక్షల దాకా జరిమానా. కులం పేరుతో అవమానిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. పిల్ల ఒంటి మీద చెయ్యి వేయకూడని చోట వేసినట్టు తెలిస్తే టీచరుతో మాట్లాడటం, పెద్దమనుషుల్లో పెట్టడం, "ఆడపిల్ల సంగతి, బయటపడితే మనకే" అంటూ రాజీ చేయడం, ఏదీ కుదరదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం 21వ సెక్షను కింద నేరం. సంస్థ అధిపతి తన కింది ఉద్యోగి తప్పును దాస్తే శిక్ష ఇంకా ఎక్కువ. పిల్ల వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే, యూనిఫాం లేకుండా వచ్చిన అధికారి, వీలైనంతవరకు మహిళా ఎస్సై, నమోదు చేయాలి. స్టేషను మెట్లు ఎక్కాలన్న భయంతో ఆగేవాళ్ళకు ఈ సంగతి తెలిసి ఉండాలి. 1098 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, పిల్లలే చేయవచ్చు. పిల్ల పేరు, ఫొటో ఏ గ్రూపులోనూ తిరగకూడదు. అది కూడా చట్టమే.

ఇక అసలైన చిక్కు, ఆ మర్నాడు. మందలింపు అందుకున్న టీచరు మళ్ళీ కొట్టడం అరుదు. జరిగేది వేరు. హాజరు పిలిచేటప్పుడు ఆ ఒక్క పేరు దగ్గర గొంతు మారుతుంది. పిల్ల చెయ్యెత్తినా చూపు పక్కకు పోతుంది. "ఈవిడ్ని ఏమీ అనకూడదమ్మా, వాళ్ళమ్మమ్మ వచ్చేస్తుంది" అంటే తరగతంతా నవ్వుతుంది. ఆ నవ్వును ఏ అర్జీలోనూ రాయలేరు. దాని మీద ఏ అధికారీ సంజాయిషీ అడగరు. స్నేహితులు కూడా రెండు మూడు రోజులు దూరంగా కూర్చుంటారు. ఇంట్లో అడిగితే "బాగానే ఉంది" అంటుంది పిల్ల. ఆ సమాధానం విని ఫిర్యాదు తీరిందనుకుంటారు.

కమిటీ చేయవలసిన పని సగం ఇక్కడే ఉంది. పిల్లలు చనువుగా మాట్లాడగల ఒక మహిళా సభ్యురాలికి ఫిర్యాదులు వినే బాధ్యత అప్పగించి, ఆమె పేరు పిల్లలందరికీ తెలిసేలా చెప్పాలి. పాఠశాలలో ఫిర్యాదు పెట్టెలు పెట్టమంటే పెడతారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉందో పిల్లలకు తెలుసు. పెట్టె కంటే మనిషి నయం. ఫిర్యాదు వచ్చిన తేదీ, ఎవరితో మాట్లాడారు, ఏం ఒప్పుకున్నారు, మళ్ళీ ఎప్పుడు చూడాలి అన్నవి రాసే పుస్తకం ఒకటి హెడ్మాస్టరు గదిలో కాకుండా కమిటీ దగ్గర ఉండాలి. టీచరు తప్పు లేదని తేలితే ఆ మాట కూడా అదే పుస్తకంలో, అంతే స్పష్టంగా ఎక్కాలి. రెండు సెక్షన్లున్న చోట సెక్షను మార్చడం సులువైన దారే, పిల్ల కోరితేనే. కోరకుండా మారిస్తే శిక్ష తనకే పడిందనుకుంటుంది.

మర్నాడు ఎలా గడిచిందో పిల్లను అడిగి తెలుసుకోవడం కష్టం. నోటుపుస్తకం చెబుతుంది. ఫిర్యాదుకు ముందు పేజీల్లో ఎర్రసిరా టిక్కులు, కొట్టివేతలు, తేదీ కింద టీచరు పొట్టి సంతకం ఉంటాయి. తర్వాత పేజీల్లో అవి కొనసాగుతున్నాయా, లేక ఆ తేదీ దగ్గర ఆగిపోయి వట్టి నీలిసిరా మిగిలిందా? మూడో వారంలో అమ్మమ్మ ఆ పుస్తకాన్ని సంచిలో వేసుకుని కమిటీ దగ్గరకు వస్తే, ముందుగా తెరిచి చూడవలసినవి ఆ పేజీలే.